ముద్ర ఎవరి దగ్గర ఉంది?

అమ్మా,

మీ నవల రాతప్రతి క్షేమంగా అందింది. 312 పుటలూ చదివాను. అయితే 140వ పుట దగ్గర ఒకసారి విసుగెత్తి దాన్ని బీరువా మీద పడేసి, రెండు రోజులు ఆ వైపు చూడకుండా ఉండి, మళ్ళీ దింపి మిగతాది పూర్తి చేశాను. ఆ పుటలో ఏముందో మీకు గుర్తుండే ఉంటుంది. స్టాలిన్ పోయిన మూడో రోజు తెల్లవారుజామున సోవియట్ సేనాని జుకోవ్ యాభై ట్యాంకులతో క్రెమ్లిన్‌ను చుట్టుముట్టి, లోపలికి వచ్చి బల్ల గుద్ది, దేశాన్ని తన చేతుల్లోకి తీసుకుంటాడు. మీకు ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం ఆ ట్యాంకులు. రెండో సగం గురించి చివర రాస్తాను.

1941 జూన్ 29 రాత్రి మాస్కో పక్కన కుంత్సెవో దాచాలో, అంటే తన తోట ఇంట్లో, స్టాలిన్‌కు పక్షవాతం వచ్చి ప్రాణం పోవడం అన్న ఊహ బాగుంది. మీరు ఎంచుకున్న తేదీ కూడా బాగుంది. జర్మనీతో యుద్ధం మొదలై వారం తిరిగింది, ముందురోజే బెలోరష్యా రాజధాని మిన్‌స్క్ పోయింది. క్రెమ్లిన్‌లో ఆయన గదికి ఎవరెవరు ఎన్ని గంటలకు వచ్చారో రాసిపెట్టే పుస్తకంలో 29, 30 తేదీల కింద ఒక్క పేరూ లేదు. చరిత్ర తనంతట తానే రెండు రోజులు ఖాళీగా వదిలిపెట్టిన చోట మీరు కథను నాటారు. మెచ్చుకోవలసింది మెచ్చుకున్నాను, ఇక ట్యాంకుల దగ్గరికి వస్తాను.

మీరు రాసిన జుకోవ్ 1945లో బెర్లిన్ గెలిచిన జుకోవ్. 1941 జూన్‌లో ఆయన జనరల్ స్టాఫ్ అధిపతి అయి ఆరు నెలలు కూడా నిండలేదు. పార్టీ కేంద్ర కమిటీలో ఆ ఫిబ్రవరిలోనే అభ్యర్థి సభ్యుడిగా చేరాడు, పార్టీ అత్యున్నత నిర్ణయమండలి అయిన పోలిట్‌బ్యూరోలో కూర్చునే హోదా ఆయనకు లేదు. 29వ తేదీ సాయంత్రం స్టాలిన్ రక్షణ మంత్రిత్వశాఖకు, అంటే అప్పటి మాటలో రక్షణ కమిషరియట్‌కు వెళ్ళి, బెలోరష్యాతో సంబంధం ఎందుకు తెగిపోయిందని గద్దించినప్పుడు, జుకోవ్ ఏడుపు ఆపుకోలేక పక్కగదిలోకి వెళ్ళిపోయాడనీ, విదేశాంగమంత్రి మొలొటోవ్ వెళ్ళి ఓదార్చి తీసుకువచ్చాడనీ పోలిట్‌బ్యూరో సభ్యుడు మికొయాన్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. మికొయాన్ మాటలన్నీ తూచి పుచ్చుకోవలసినవే, ఎందుకంటే అందరి కంటే ఎక్కువ కాలం పదవిలో నిలిచి బట్టకట్టిన మనిషి రాసుకున్న జ్ఞాపకాలవి. అయినా ఆ గదిలో ఏడ్చిన సేనానిని రెండు మూడు రోజుల్లోనే మీరు నెపోలియన్‌ను చేయాలంటే, మధ్యలో నాకు కనీసం నలభై పుటలు కావాలి. మీరు ఒక్క వాక్యం ఇచ్చారు.

నేను యాభై ఏళ్ళుగా ఒకటే మాట చెబుతున్నాను, విన్నవాళ్ళు తక్కువ. పాలకుడు చచ్చిపోయిన కథ రాసేవాడు కత్తి ఎవరి దగ్గర ఉందో తర్వాత చూసుకోవచ్చు, ముందుగా ముద్ర ఎవరి దగ్గర ఉందో చూడాలి.

ఈ మాట నాకు పుస్తకాలు నేర్పినది కాదు. 1974లో నేనొక తాలూకా ఆఫీసులో చిన్న గుమాస్తాను. జమాబందీ రోజుల్లో మా తాసిల్దారు గారు గుండె ఆగి పోయారు. నిబంధన ప్రకారం కలెక్టరు ఉత్తర్వు వచ్చేదాకా డిప్యూటీ తాసిల్దారు గారు ఛార్జి తీసుకోవాలి. కానీ ఆఫీసు ఇత్తడి ముద్ర హెడ్ గుమాస్తా వక్కాకు సంచిలో ఉంది. ఆయన ఇవ్వనని ఎన్నడూ అనలేదు. “జాబితా రాసి ఒప్పజెబుతానండీ, ఒక్క పూట ఆగండి” అన్నాడు. ఆ ఒక్క పూట మూడు రోజులు సాగింది. ఆ మూడు రోజులూ ఊరివాళ్ళు డిప్యూటీ గారికి వరండాలో నమస్కారం పెట్టి, లోపలికి వెళ్ళి హెడ్ గుమాస్తా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ రోజుల్లో బయటికి వెళ్ళిన ప్రతి కాగితం మీదా, ఊదారంగు ముద్ర పక్కన, ఒక చిన్న సున్నం మరక ఉండేది. సింహాసనం ఖాళీ అయితే ఏమవుతుందో నేను మొట్టమొదట ఆ మరకలో చూశాను.

ఇప్పుడు మీ మాస్కోకు రండి. ఆ రాత్రి స్టాలిన్ పోతే రెండు కుర్చీలు ఖాళీ అవుతాయి. ఒకటి పార్టీ కేంద్ర కమిటీ కార్యదర్శి కుర్చీ. రెండోది ప్రజా కమిసార్ల మండలి, అంటే మంత్రివర్గం, అధ్యక్షుడి కుర్చీ, దాన్ని ఆయన మొలొటోవ్ దగ్గర నుంచి తీసుకుని ఎనిమిది వారాలే అయింది, మే 6న. మీరు ఈ రెండింటినీ ఒకే కుర్చీగా కలిపేసి, దానికోసం మొలొటోవ్, ఆంతరంగిక వ్యవహారాల మంత్రి బెరియా, జుకోవ్ కొట్టుకున్నట్టు రాశారు. కాగితం మీద వారసులు వేరే ఉన్నారమ్మా. ప్రభుత్వంలో స్టాలిన్‌కు మొదటి ఉపాధ్యక్షుడు మొలొటోవ్ కాదు, 37 ఏళ్ళ ఆర్థికవేత్త వొజ్నెసెన్‌స్కీ, ఆయనకు ఆ పదవి మార్చిలో దక్కింది. పార్టీ కార్యదర్శివర్గంలో స్టాలిన్‌కు సహాయకుడిగా మే 4న పోలిట్‌బ్యూరో పేరు పెట్టి నియమించింది లెనిన్‌గ్రాద్ పార్టీ నాయకుడు జ్దానొవ్‌ను. యుద్ధం మొదలైన ఆదివారం నాడు ఆ జ్దానొవ్ సోచీలో సెలవు మీద ఉన్నాడు, తర్వాత లెనిన్‌గ్రాద్ పట్టుకుని కూర్చున్నాడు. మీ నవలలో జ్దానొవ్ రెండుచోట్ల కనిపిస్తాడు, రెండుచోట్లా తాగుతూ. వొజ్నెసెన్‌స్కీ అసలే లేడు.

నిజంగా ఏం జరిగిందో చూడండి. జూన్ 30న రాజ్య రక్షణ కమిటీ ఏర్పడింది. దేశంలోని సమస్త అధికారమూ దానిదే, పౌరులూ పార్టీ సంస్థలూ సైన్యమూ అందరూ దాని మాట వినవలసిందే అని చిన్న తీర్మానం. అందులో ఐదుగురు: స్టాలిన్, మొలొటోవ్, మార్షల్ వొరొషిలోవ్, పార్టీ కార్యదర్శి మాలెంకోవ్, బెరియా. చివరి ఇద్దరూ అప్పటికి పోలిట్‌బ్యూరోలో ఓటు లేని అభ్యర్థి సభ్యులు. పూర్తి సభ్యులైన కలీనిన్, అంద్రేయెవ్, కగనోవిచ్, మికొయాన్ బయట ఉండిపోయారు. కాగితం మీది వారసులిద్దరూ, అంటే జ్దానొవూ వొజ్నెసెన్‌స్కీ కూడా బయటే. నా డిప్యూటీ తాసిల్దారు గారు వరండాలో నిలబడినట్టే నిలబడ్డారు. ఆ కమిటీ ఆలోచన బెరియాదని మికొయాన్ అంటాడు. అంతకంటే విలువైన మాట ఇంకొకటి ఆయనే చెబుతాడు. స్టాలిన్ నీరసపడి ఉన్నాడన్న మాట వచ్చినప్పుడు వొజ్నెసెన్‌స్కీ మొలొటోవ్ వైపు తిరిగి, నువ్వు ముందు నడువు, మేం నీ వెనక వస్తాం అన్నాడట. కాగితం చేతిలో ఉన్నవాడు దాన్ని లేనివాడి చేతిలో పెట్టబోయిన క్షణం అది. నిజజీవితంలో స్టాలిన్ బతికే ఉన్నాడు కాబట్టి ఆ మాట గాలిలో కలిసింది. మీ నవలలో ఆయన పక్కగదిలో శవమై ఉన్నాడు. అప్పుడు ఆ మాట ఎక్కడ పడుతుంది? మొలొటోవ్ ఏమంటాడు? అది విన్న బెరియా తన ముక్కు కళ్ళద్దాలు తుడుచుకుంటాడా, లేక మాలెంకోవ్ వైపు చూస్తాడా? ఆ వొజ్నెసెన్‌స్కీని తొమ్మిదేళ్ళ తర్వాత, 1950లో, కాల్చి చంపారు. మీ ప్రపంచంలో ఆయన బతకవచ్చు, లేదా తొమ్మిది రోజుల్లోనే చావవచ్చు. ఈ గది మీకు దొరికి ఉండగా దీన్ని వదిలేసి మీరు ట్యాంకుల వెంట పరుగెత్తారే అని నా బాధ.

బెరియాను మీరు రాసిన తీరు మీద కూడా ఒక ముక్క. దాచా కాపలావాళ్ళంతా బెరియా మనుషులే కాబట్టి వార్త ముందు ఆయనకే చేరిందని తేల్చేశారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో రాజ్య భద్రతను ఆంతరంగిక వ్యవహారాల నుంచి విడదీసి వేరే కమిషరియట్ చేశారు, జూలైలో మళ్ళీ కలిపారు. మీ కథ జరిగే వారంలో నాయకుల అంగరక్షకదళం కాగితం మీద ఆ భద్రత కమిషరియట్ అధిపతి మెర్కులోవ్ కింద ఉంది. మెర్కులోవ్ బెరియా పెంచిన మనిషే, కానీ పెంచిన మనిషి ఆ రాత్రి ఎంతసేపు ఆలోచించి టెలిఫోన్ ఎత్తుతాడు అన్నదే నవల. సైన్యం లోపలి గూఢచారి విభాగం కూడా ఆ వారానికి బెరియా చేతిలో లేదు, జూలై మధ్యలో గానీ అది ఆయనకు అందలేదు. ఈ చిన్న ఖాళీలను చూసి ఉంటే మీ జుకోవ్‌కు ట్యాంకుల కంటే మంచి ఆయుధం దొరికేది.

వేగం లేకపోతే పాఠకుడు చదవడని మీ ఉత్తరంలో ఒక సంపాదకుడి మాటగా రాశారు. ఆ మాట నేను చాలామంది దగ్గర విన్నాను. 1953 మార్చి 5 రాత్రి మీద నేనొక పెద్ద కథ రాశాను. స్టాలిన్ ఇంకా ఊపిరి పీలుస్తుండగానే క్రెమ్లిన్‌లో రాత్రి ఎనిమిదికి సమావేశమై, నలభై నిమిషాల్లో పదవులన్నీ పంచుకుని, మాలెంకోవ్‌ను ప్రధానిని చేసి లేచారు. ఆయన 9.50కి పోయాడు. నా కథంతా ఆ నలభై నిమిషాలే. మొదట పంపిన పత్రిక వాళ్ళు మిత్రదేశం మీద ఇలాంటివి వేయలేమని తిప్పి పంపారు, అది నాకు అర్థమైంది. రెండో పత్రిక వారపత్రిక, క్షుద్రపూజల సీరియళ్ళు జోరుగా నడుస్తున్న కాలం. ఆ సంపాదకుడు నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, “అంతా బాగుందండీ, మాస్కోలో ఒక మంత్రగత్తెను పెట్టగలరా?” అని అడిగాడు. నేను ఇంటికి వచ్చి నిజంగానే రెండు రాత్రులు ఆలోచించానని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మీ ట్యాంకులను చూస్తే నాకు ఆ మంత్రగత్తె గుర్తుకు వచ్చింది.

ఆ 1953లోనే, జూన్ 26న, బెరియాను పట్టుకున్నప్పుడు జుకోవ్ ఏం చేశాడో తెలుసు కదా. బెర్లిన్ గెలిచిన మార్షల్, లోకమంతా ఎరిగిన మనిషి, పక్కగదిలో కూర్చుని మాలెంకోవ్ గంట నొక్కేదాకా ఎదురుచూశాడు. గంట మోగాక లోపలికి వెళ్ళాడు. అంత పేరు సంపాదించాక కూడా గంట కోసం ఆగినవాడు, అంత పేరు లేని 1941లో ఎవరి గంటా లేకుండా వచ్చాడంటే నేను నమ్మను.

ఇంకొకటి. మీ పాత్రలకు భవిష్యత్తు తెలుసు. జూలై మొదటి వారంలో మీ మికొయాన్ “చలికాలం దాకా ఆగితే చాలు” అంటాడు. వొరొషిలోవ్ పటం మీద స్టాలిన్‌గ్రాద్ చుట్టూ వేలు తిప్పుతాడు. ఆ వారంలో వాళ్ళకు తెలిసింది ఏమిటంటే మిన్‌స్క్ లైన్లు పలకడం లేదని, అంతే. వాళ్ళ పక్కన కూర్చుని మీరు కూడా ఆ చెవిటి టెలిఫోన్ పట్టుకోవాలి. మొలొటోవ్ నత్తిని హాస్యానికి వాడుకోవడం కూడా మానండి. జూన్ 22 మధ్యాహ్నం యుద్ధం వచ్చిందని రేడియోలో దేశానికి చెప్పింది ఆ నత్తి గొంతే, స్టాలిన్ నోరు విప్పడానికి ఇంకో పదకొండు రోజులు పట్టింది. జూలై 12న బ్రిటిష్ రాయబారి క్రిప్స్‌తో ఒప్పందం మీద సంతకం చేసింది కూడా ఆయన చెయ్యే. మీ కథలో స్టాలిన్ చావును రేడియోలో ఎవరు చదవాలన్న ప్రశ్న వస్తే, జనం విని ఉన్న గొంతు అదొక్కటే. ఇది ముద్ర కంటే తక్కువది కాదు.

ఇంత పట్టింపు నాకెందుకని మీకు అనిపించవచ్చు. మా నాన్న కృష్ణా జిల్లాలో కమ్యూనిస్టు పార్టీ మనిషి. మా ఇంట్లో స్టాలిన్ పటం ఉండేది. 1956లో స్టాలిన్ నేరాలను బయటపెట్టిన క్రుశ్చేవ్ ప్రసంగం సంగతి తెలిశాక నాన్న దాన్ని దింపి, పాత దినపత్రికల్లో చుట్టి అటక మీద పెట్టాడు. పారేయలేదు. ఏటా దసరాకు ఇల్లు దులిపేటప్పుడు దింపి, విప్పి, పైపంచెతో తుడిచి, మళ్ళీ చుట్టి పైకి ఎక్కించేవాడు. నేను ఒకసారి ఎందుకని అడిగితే “నిచ్చెన పట్టుకో” అన్నాడు. ఆ మనిషి 1941లోనే పోయి ఉంటే మా అటక మీద ఏ పటం ఉండేదో అన్న ఆలోచనతోనే నేను ఈ పిచ్చిలో పడ్డాను.

ప్రచురణకర్త గురించీ, కలంపేరు గురించీ మీరడిగిన ప్రశ్నలకు ఇప్పుడు జవాబు రాయను.

రెండో సగం అన్నాను కదా. అది 97వ పుట. జూన్ 30 సాయంత్రం ఆరుగురు నాయకులు దాచాకు వస్తారు. స్టాలిన్ పోయాడని ఇంటి పరిచారికకు ఎవరూ చెప్పరు, ఆమె అడగదు. భోజనాల బల్ల మీద ఏడు పళ్ళేలు సర్దుతుంది. ఆరుగురూ కూర్చుంటారు. ఏడో పళ్ళెం ముందు ఎవరూ కూర్చోరు, దాన్ని తీసెయ్యమని అనే ధైర్యం కూడా ఎవరికీ ఉండదు, సూప్ చల్లారిపోతుంది. నేను ఆ పుట మూడుసార్లు చదివాను. నా నలభై నిమిషాల కథలో ఇలాంటి పళ్ళెం ఒక్కటి కూడా లేదు. దీన్ని ఎవరు కుదించమన్నా కుదించకండి. మిగతా నవలను మళ్ళీ ఆ బల్ల దగ్గర నుంచి మొదలుపెట్టి, ఆ ఆరుగురూ లేచేదాకా వంద పుటలు రాసి నాకు పంపండి.

రాసేటప్పుడు ఒక్కటి చూసుకోండి. అందరూ వెళ్ళిపోయాక ఆమె ఏడో పళ్ళెం తీసిందని రాశారు గానీ, దాన్ని కడిగి అలమరలో పెట్టిందా, కడగకుండానే పెట్టిందా అన్నది రాయలేదు. నాకు అది తెలియాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన