చీరాల-పేరాల జనం 1921లో ఊరెందుకు ఖాళీ చేశారు?

మున్సిపాలిటీ పన్ను కట్టకుండా, ఎవరి మీదా చెయ్యెత్తకుండా సర్కారును ఎదిరించడానికే వాళ్లు ఊరు వదిలారు. రెండు ఊళ్లనూ కలిపి మున్సిపాలిటీ చేసేసరికి పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. మగ్గం మీద బతికే ఇళ్లకు అది మోయలేని బరువు. ఊళ్లో ఉండి కట్టకపోతే జప్తులు, జైలు. పొలిమేర దాటితే మాత్రం మున్సిపాలిటీకి అడిగే హక్కే లేదు! అందుకే స్వాతంత్ర్య పోరాట నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట వేలమంది కదిలి, ఊరవతల పాకలు, పందిళ్లు వేసుకుని రామ్‌నగర్ కట్టుకున్నారు. ఆయన కూడగట్టిన సేవాదళం రామదండు వాలంటీర్లు కాపలా కాశారు. ఎండకూ వానకూ సుమారు 11 నెలలు అక్కడే ఉన్నారు. భయపడి పారిపోయారనుకోవడం పొరపాటు. గాంధీ దగ్గరుండి నడిపించారన్నదీ సరికాదు. చీరాల వచ్చినప్పుడు ఆయన వలసను ఒక మార్గంగా సూచించారు, కాంగ్రెస్ సాయం ఆశించవద్దనీ చెప్పారు.