టైప్ చెకర్‌లో నేమ్డ్ టైప్స్ రిజాల్వ్ చేస్తుంటే స్టాక్ ఓవర్‌ఫ్లో: సార్ట్ చేస్తే పోయేది కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. సొంతంగా చిన్న భాష రాసుకుంటున్నారు, పార్సర్ (కోడ్ చదివి దాని నిర్మాణం గుర్తించే భాగం) అయిపోయింది, టైప్ చెకర్‌లో (విలువల రకాలు, అంటే టైప్స్, సరిపోతున్నాయో చూసే భాగం) పేరున్న టైప్ (నేమ్డ్ టైప్) తగలగానే దాని డిక్లరేషన్‌కి పోయి లోపలిదంతా రిజాల్వ్ చేసుకొస్తున్నారు (పేరు వెనక అసలు టైప్ ఏంటో తేల్చడం), లింక్డ్ లిస్ట్ (ప్రతి ముక్కా తన తర్వాతి ముక్కని చూపించే జాబితా) రాయగానే స్టాక్ ఓవర్‌ఫ్లో, అంటే ఫంక్షన్ తనని తానే అంతులేకుండా పిలుచుకుని స్టాక్ మెమరీ నిండిపోవడం. డిక్లరేషన్లని ముందే టోపోలాజికల్ సార్ట్ చేసేస్తే (దేనికి ఏది కావాలో చూసి, కావాల్సింది ముందు వచ్చేలా పేర్చడం) సరిపోతుందా అని అడిగారు.

సరిపోదండి. సార్ట్ అవ్వాలంటే సైకిల్ (తిరిగి మొదటికే వచ్చే చుట్టు) ఉండకూడదు, ఇక్కడేమో సైకిల్ అనేది యూజర్ కావాలని రాసేది, అది తప్పే కాదు. రాములు ఇల్లెక్కడ అంటే సోములు ఇంటి ఎదురుగా, సోములు ఇల్లెక్కడ అంటే రాములు ఇంటి ఎదురుగా, మీ చెకర్ ప్రస్తుతం ఈ పనే చేస్తోంది. నేనూ సరిగ్గా ఇక్కడే పడ్డా. నాలుగేళ్ళ కింద మా ఆఫీసులో బిల్లింగ్ రూల్స్ రాసుకోడానికి ఒక చిన్న భాష కావాల్సొచ్చి, గో లాంగ్వేజ్‌లో దాని చెకర్ నా నెత్తిన పడింది, నేను కూడా మొదట సార్టింగే మొదలుపెట్టి రెండ్రోజులు తగలేశా.

ఈ ఉదాహరణ చూడండి (* అంటే పాయింటర్, విలువ కాకుండా అది ఉన్న చోటు చిరునామా):

టైప్ నోడ్ స్ట్రక్ట్ {
    విలువ ఇంట్
    తర్వాత *నోడ్
}

రియల్ ఎస్టేట్ వెంచర్లు చూసే ఉంటారు కదా, ముందు రాళ్ళు పాతి ప్లాట్ నంబర్లు వేస్తారు, ఇల్లు ఎప్పుడో కడతారు, కానీ నంబర్ పడిన రోజు నుంచే 42వ నంబర్ ప్లాట్ అని కాగితాల్లో రాసుకోవచ్చు. అదే చెయ్యండి. మొదటి పాస్‌లో (కోడ్ మొత్తం మీద ఒక చుట్టు) ప్రతి టైప్ డిక్లరేషన్‌కి ఒక ఖాళీ ఆబ్జెక్ట్ చేసి (పేరు, డిక్లరేషన్ ఎక్కడుందో, అండర్‌లయింగ్ టైప్, అంటే పేరు వెనకున్న అసలు టైప్, ఇంకా ఖాళీ) స్కోప్ టేబుల్‌లో, అంటే పేర్ల పట్టికలో, పెట్టెయ్యండి, లోపలికి తొంగి కూడా చూడొద్దు. రెండో పాస్‌లో ఒక్కోదాని లోపలిది నింపండి. తర్వాత అనే ఫీల్డ్ దగ్గరికి వచ్చేసరికి నోడ్ అన్న పేరు టేబుల్‌లో ఉంటుంది, ఆ ఆబ్జెక్ట్‌కి పాయింటర్ పట్టుకుని ముందుకెళ్ళిపోతారు, అది నిండిందా లేదా అన్నది ఆ క్షణంలో మీకు అనవసరం.

ఇది కొత్త కిటుకేం కాదు, సీ భాషలో స్ట్రక్ట్ పేరొక్కటి ముందు డిక్లేర్ చేసి దానికి పాయింటర్లు వాడుకునేది ఇందుకే, పాస్కల్‌లో కూడా పాయింటర్ టైప్ ఒక్కదానికి మాత్రం కింద రాబోయే రికార్డు పేరు ముందే వాడుకోనిస్తారు.

ఇంతవరకు ఈజీ, నాకు దెబ్బ తగిలింది దీని తర్వాతే. ఖాళీ ఆబ్జెక్ట్ పెట్టుకున్నా సరే, నింపే దశలో ఎక్కడా అండర్‌లయింగ్ ఏంటని అడగకూడదు. నేను అడిగా. ఇన్వాయిస్ అనే టైప్‌ని డాక్యుమెంట్ అనే ఇంకో నేమ్డ్ టైప్ మీద డిక్లేర్ చేశారు, నా కోడ్ డాక్యుమెంట్ అండర్‌లయింగ్‌ని అక్కడికక్కడే కాపీ చేసుకునేది. డాక్యుమెంట్ అప్పటికే నిండి ఉంటే ఓకే, లేకపోతే ఖాళీ కాపీ. ఫైళ్ళు అక్షరక్రమంలో చదివేవాళ్ళం కాబట్టి అదృష్టం కొద్దీ ఆర్నెల్లు నడిచింది, ఒకరోజు మా టీమ్‌లో ఒకతను ఊరికే ఒక ఫైల్ పేరు మార్చాడు, లోపల ఒక్క అక్షరం ముట్టుకోలేదు, బిల్డ్ మొత్తం పగిలింది, ఇన్వాయిస్‌కి అసలు ఫీల్డ్సే లేవంటూ ఎర్రర్లు. పాపం ఆ అబ్బాయి సాయంత్రం దాకా తనే ఏదో చేశాననుకున్నాడు.

కాబట్టి కాపీ వద్దు, ఇన్వాయిస్ ఎవరి మీద కట్టారో ఆ లింక్ ఒక్కటే దాచుకోండి. అన్నీ నిండాక, అవసరమైనప్పుడు ఆ గొలుసు పట్టుకుని నేమ్డ్ కానిది తగిలేదాకా నడవండి, నడుస్తూ చూసినవాటిని గుర్తుపెట్టుకోండి. ఏ మీద బి, బి మీద ఏ అని రాస్తే ఇక్కడ దొరికిపోతుంది, అది నిజంగానే తప్పు. గో కంపైలర్ ఇలాంటిదానికి ఏ అనేది బి ని రిఫర్ చేస్తోంది, బి అనేది ఏ ని రిఫర్ చేస్తోంది అని దారంతా ప్రింట్ చేస్తుంది, మీరూ అలాగే దారి చూపించండి, ఉత్తినే సైకిల్ ఉంది అంటే యూజర్‌కి వెతుక్కోవడం నరకం.

గో చెకర్ ఈ పని రంగులతో చేస్తూ వచ్చింది, నాకు బాగా నచ్చింది. ఇంకా ముట్టుకోని డిక్లరేషన్ తెలుపు, ప్రస్తుతం పని నడుస్తున్నది బూడిద, అయిపోయింది నలుపు. బూడిద రంగుది మళ్ళీ తగిలిందంటే సైకిల్‌లో ఉన్నాం. కానీ అందరూ పొరబడేది ఇక్కడే, సైకిల్ అనగానే ఎర్రర్ ఇవ్వదు. దారిలో అన్నీ టైప్సే అయ్యి, కనీసం ఒక్క నిజమైన టైప్ డెఫినిషన్ ఉంటే అప్పటికి వదిలేస్తుంది. అన్నీ ఎలియాస్‌లే అయితే మాత్రం పట్టుకుంటుంది. ఎలియాస్ అంటే కొత్త ప్లాట్ కాదు కదా, ఉన్న ప్లాట్‌కే ఇంకో బోర్డు, బోర్డులే ఒకదాన్నొకటి చూపించుకుంటే ఇల్లెక్కడ? మిగతా చెకింగులు కొన్నిటిని లేటర్ అనే ఫంక్షన్‌తో క్యూలో వేసుకుని, టైప్స్ సెట్ అయ్యాక నడుపుతుంది.

అలా వాయిదా వెయ్యాల్సినవాటిలో ముఖ్యమైనది సైజు. నోడ్ లోపల పాయింటర్ కాకుండా నోడ్‌నే పెట్టారనుకోండి, పైన చెప్పిన పద్ధతిలో రిజాల్వ్ సుబ్బరంగా అయిపోతుంది, ఓవర్‌ఫ్లో ఏమీ రాదు, తీరా కోడ్‌జెన్‌లో (మెషీన్ కోడ్ తయారుచేసే దశ) సైజు లెక్కకట్టేటప్పుడు కొంప మునుగుతుంది. ప్లాట్ నంబర్ రాసుకోడానికి ఇల్లు అక్కర్లేదు గానీ ఇంట్లో ఇంకో ఇల్లు పెట్టాలంటే కొలతలు కావాలి. అందుకని నింపడం అయ్యాక వేరే పాస్ పెట్టి, స్ట్రక్ట్ ఫీల్డ్స్, ఫిక్స్‌డ్ ఎర్రేల గుండా మాత్రమే వెళ్ళండి, పాయింటర్, స్లైస్, మ్యాప్, ఫంక్షన్ దగ్గర ఆగిపోండి (వీటి సైజు లోపలున్నదాని మీద ఆధారపడదు). అలా వెళ్తూ మళ్ళీ మొదటికొస్తే ఎర్రర్. రస్ట్ భాషలో ఈ0072 అనే ఎర్రర్ ఇదే, బాక్స్‌లో (అక్కడ ఒకరకం పాయింటర్) పెట్టుకో అని సలహా కూడా ఇస్తుంది.

ఇంకో బగ్ చెప్పాలి, నవ్వుకుంటారు. కస్టమర్ కావాల్సిన చోట కస్టమర్ ఇచ్చారు, కుదరదు అని ఎర్రర్. గంటన్నర దాన్ని చూస్తూ కూర్చున్నా. నేమ్డ్ టైప్స్ రెండూ ఒకటేనా అంటే ఒకే డిక్లరేషన్ నుంచి వచ్చాయా అనే చూడాలి, నేను ఆబ్జెక్ట్ పాయింటర్లు పోల్చేవాణ్ణి, ఆ లాజిక్ కరెక్టే. కానీ ఒకే ప్యాకేజీని ఒకచోట రిలేటివ్ పాత్‌తో, ఇంకోచోట పూర్తి పాత్‌తో ఇంపోర్ట్ చేశారు, నా లోడర్ (ప్యాకేజీలని చదివి తెచ్చే భాగం) దాన్ని రెండుసార్లు లోడ్ చేసింది, కస్టమర్లు ఇద్దరయ్యారు. పాత్‌ని ఒకే రూపానికి తెచ్చి దాన్నే క్యాష్ కీగా (ముందే లోడ్ చేసినదాన్ని వెతుక్కునే గుర్తు) వాడితే పోయింది. దాంతోపాటు, రెండు పేర్లు ఒకేలా ఉంటే ఎర్రర్‌లో పూర్తి పాత్ ప్రింట్ చేసేలా మార్చా, ముందే చేసుంటే ఆ గంటన్నర మిగిలేది.

జెనెరిక్స్ (ఇంకో టైప్‌ని పరామితిగా తీసుకునే టైప్స్) ఇప్పుడే పెట్టుకోకండి. పెడితే మాత్రం ఇన్‌స్టాన్షియేషన్ (టి స్థానంలో అసలు టైప్ పెట్టడం) లేజీగా, అంటే అవసరమైనప్పుడే, చెయ్యండి, లిస్ట్ ఆఫ్ టి లోపల లిస్ట్ ఆఫ్ లిస్ట్ ఆఫ్ టి కి పాయింటర్ ఉంటే, వెంటనే విప్పుకుంటూ పోయేవాడికి అంతు ఉండదు. పేరు దొరకకపోతే ఇన్‌వాలిడ్ అనే స్పెషల్ టైప్ ఇచ్చి, అది తగిలిన చోటల్లా నోరు మూసుకునేలా రాయండి, లేకపోతే ఒక్క స్పెల్లింగ్ తప్పుకి నలభై ఎర్రర్లు కురుస్తాయి.

చివరగా ఒక టెస్ట్. మీ శాంపిల్ ప్రోగ్రాంలు అన్నిటినీ డిక్లరేషన్ల ఆర్డర్ రాండమ్‌గా కలిపేసి యాభైసార్లు చెక్ చేయించండి, ఎర్రర్లు ప్రతిసారీ ఒకేలా రావాలి, రాండమ్ సీడ్ (అదే ఆర్డర్ మళ్ళీ తెచ్చుకోడానికి పనికొచ్చే సంఖ్య) లాగ్‌లో ప్రింట్ చెయ్యడం మర్చిపోకండి. మేం ఫైల్ పేరు గొడవ తర్వాత ఇది పెట్టాం, మొదటి వారంలోనే ఇంకో రెండు ఆర్డర్ బగ్స్ దొరికాయి, రెండూ నేను రాసినవే.