రౌండ్ పాన్లు లేవా? సూట్‌కేసుల తెచ్చుకున్న కుక్కర్ గిన్నెలు తీయ్

చెల్లే, బిడ్డ ఫస్ట్ బర్త్‌డేకి లేయర్ కేక్ చేద్దామంటే రెసిపీల 9 అంగుళాల రౌండ్ పాన్లు రెండు అని ఉంది, ఇంట్ల ఒక్కటి గూడ లేదు, కొనాల్నా అని అడిగినవ్ గదా. కొనకు. ఒక్క కేకు కోసం పాన్లు కొని తర్వాత వాటిల ఉల్లిగడ్డలు పోసుకున్నోళ్లను మస్తు మందిని చూసిన, అందుల నేను గూడ ఉన్న.

హన్మకొండ నుంచి డాలస్ వచ్చిన కొత్తల ఆ రెండు పాన్ల పిండి మొత్తం 8 అంగుళాల పాన్ ఒక్కదాంట్లనే పోసిన, జర లావైతది, మధ్యల కోసి రెండు లేయర్లు చేస్త అనుకున్న. అది పొంగి అంచు దాటి ఓవెన్ అడుగున పడి మాడింది, స్మోక్ అలారం మొత్తుకునుడు, మా ఆయన కుర్చీ ఎక్కి టవల్ ఊపుడు, ఆఖరికి చూస్తే కేకు పైన నల్లగ లోపల జావ.

సర్వపిండి యాదికి తెచ్చుకో. అదే ముద్దను సర్వల పల్చగ ఒత్తితే కరకరలాడతది, దొడ్డుగ ఒత్తితే అడుగు మాడుతది పైన పచ్చిగుంటది. మా అమ్మ సర్వ ఖాళీ లేకుంటే మూకుట్ల ఒత్తేది, గిన్నె ఏదన్నా గానీ మందం మాత్రం వేలితోని చూసుకునేది. కేకుకు గూడ గంతే, పాన్ షేప్ కాదు, పిండి ఎంత మందం ఉన్నదన్నదే లెక్క.

ఆ లెక్క అలకగనే ఉంటది. రౌండ్ పాన్‌ను లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలిచి, అందుల సగాన్ని సగంతోని గుణించి మళ్ల 3.14 తోని గుణించు. 9 అంగుళాలది 64 చదరపు అంగుళాలొస్తది, 8 ది 50. అంటే రెండు పాన్లది 128 కి సరిపోయే పిండిని నేను 50 ల పోసిన, పొంగక ఏం జేస్తది! 8 అంగుళాల చతురం పాన్ గూడ 64 ఏ, 9 రౌండ్ బదులు కళ్లు మూసుకొని వాడుకోవచ్చు.

ఇప్పుడు కుక్కర్ గిన్నెల ముచ్చట. మనోళ్ల సూట్‌కేసులల్ల అవి లేకుండ ఉండవు, అడుగున బొక్కలున్నదాన్ని పక్కకు పెట్టి మిగిలినయి కొలువు. 7 అంగుళాలుంటే ఒక్కోటి 38 పైన, మూడు కలిపితే 115, అంటే 128 కి దగ్గర్లనే, లేయర్ జర ఎత్తు వస్తది, రెండు లేయర్ల కేకు మూడు లేయర్లది అయితది. అడుగుకు బేకింగ్ పేపర్ గుండ్రంగ కత్తిరించి వేసి, అంచులకు వెన్న రాసి మైదా చల్లు, సగం దాటి పొయ్యకు. మైక్రోవేవ్ ఓవెన్ల మాత్రం పెట్టకు, మామూలు ఓవెన్లనే.

అవీ లేవంటే 9 బై 13 ట్రే, అది 117. అందుల మొత్తం పోసి కాల్చి అడ్డంగ రెండు ముక్కలు కోసి ఒకదాని మీద ఒకటి పెట్టు, గుండ్రంగ లేదని ఏడాది పిల్ల అడగదు. ఇండియన్ స్టోర్‌ల దొరికే రేకు ట్రే అయితే కింద గట్టి షీట్ పెట్టు, లేకుంటే ఎత్తేటప్పుడు వంగి పిండి పోతది.

రెసిపీల 350 ఫారన్‌హీట్ అని ఉంటే గాజుదానికి, నల్ల పాన్‌కి 325 పెట్టు, అవి అంచులను తొందరగ మాడుస్తయి. టైమ్ మాత్రం నమ్మకు, మందం పెరిగితే ఎక్కువ పడతది, తగ్గితే తక్కువ, పది నిమిషాల ముందు నుంచే మధ్యల పుల్ల గుచ్చి చూడు.

లేయర్లు వేడి మీద పేర్చకు, క్రీమ్ కరిగి జారుతది. ప్లాస్టిక్ ర్యాప్ చుట్టి రాత్రంత ఫ్రిజ్‌ల పెట్టి పొద్దుగాల బ్రెడ్ కోసే కత్తితోని పైన ఉబ్బినది చదునుగ కోసెయ్. ఆ ముక్కలు పారెయ్యకు, బర్త్‌డే పాట అయ్యేదాకా మా ఇంట్ల పెద్దోన్ని కేకు మీద చెయ్యెయ్యకుండ ఆపేటియి గవే.