దవనం వేరు, మాచిపత్రి వేరు

చి.ల.సౌ. కోడలికి అత్తయ్య ఆశీస్సులు.

దవనం, మాచిపత్రి ఒకే తొట్టిలో వేస్తానన్నావు. వద్దమ్మాయ్. రెండూ ఆర్టెమీసియా అనే ఒకే మొక్కల జాతివే, అక్కాచెల్లెళ్ళ లాంటివే. కానీ దవనం ఏడాదిలోపే ఆయుష్షు తీరే మొక్క, మాచిపత్రి ఏళ్ళ తరబడి ఉండి చుట్టూ పాకేది. కలిపి వేస్తే దవనం మిగలదు.

ముందు ఆకు తిప్పి చూడు. మాచిపత్రి పైన ముదురాకుపచ్చ, అడుగున తెల్లటి నూగు, చామంతి ఆకులా వెడల్పు చీలికలు. దవనం ఆకు చిన్నది, సన్నగా చీలి, మొక్కంతా బూడిద పూసినట్టుంటుంది. నలిపితే దవనం తియ్యగా, మాచిపత్రి కర్పూరం కలిసినట్టు ఘాటుగా వాసనేస్తాయి. చవితి ముందు లేత వయ్యారిభామ కలుపుమొక్కను మాచిపత్రి అనుకొని కోసేవాళ్ళున్నారు. దానికీ చీలికల ఆకే, కానీ అడుగున ఆ తెలుపుండదు, సువాసనా ఉండదు. ఒంటికి తగిలితే దద్దుర్లు వస్తాయి. పత్రికి పిల్లల్ని ఒంటరిగా పంపకు.

దవనం విత్తనంతోనే పెంచాలి. పాత విత్తనం మొలవదు, ఆ ఏడాదిదే అడిగి తీసుకో. అక్టోబరు రెండోవారం దాటాక, వానలు తగ్గాక మొదలుపెట్టు. గింజలు పొడిలా ఉంటాయి. రెండు రోజులు నానబెట్టి, గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లు. పైన మట్టి కప్పకు, ఇసుక పల్చగా దులిపితే చాలు. నీళ్ళు చేత్తో చిలకరించు. చెంబుతో పోస్తే గింజలన్నీ ఓ మూలకు కొట్టుకుపోతాయి, తడి ఎక్కువైతే నారు మొదలు కుళ్ళి వాలిపోతుంది. దవనం ఎక్కువగా చచ్చేది ఇక్కడే. నాలుగంగుళాల నారును బాగా ఎండ తగిలే చోట, మొక్కకీ మొక్కకీ జానెడులో సగం ఎడంతో నాటు. ఫిబ్రవరి, మార్చిల్లో పసుపు పూలు విచ్చేటప్పుడు వాసన నిండుగా ఉంటుంది, అప్పుడు కొయ్యి. రెండు మొక్కలు మాత్రం విత్తనానికి వదిలి, ఎండాక నీడలో ఆరబెట్టి, తడిలేని సీసాలో దాచు. ఆ తర్వాత మొక్క ఎండిపోతే బెంగపడకు, దాని తీరే అంత.

మాచిపత్రికి ఇంత సేవ అక్కర్లేదు. తొలకరిలో వేరున్న పిలక ఒకటి విడిగా పెద్ద కుండీలో పెట్టు. నేలలో మాత్రం వద్దు, వేళ్ళు అడుగున పాకి పక్క మళ్ళన్నీ ఆక్రమిస్తాయి. వదిలేస్తే మనిషెత్తు పెరుగుతుంది. చవితికి నెలన్నర ముందు జానెడు ఎత్తుకి కత్తిరిస్తే, పూజకి లేత ఆకు దండిగా వస్తుంది. పూత కనిపిస్తే తుంచెయ్యి. పుప్పొడి గాలికి ఎగురుతుంది, ఆయాసం ఉన్నవాళ్ళకి ఇబ్బంది. ఎవరేం చెప్పినా, కడుపుతో ఉన్నవాళ్ళకి దీని కషాయం ఇవ్వొద్దు.

కనకాంబరాలకి వాసన లేదు కదా, మాల కట్టేటప్పుడు నాలుగు పూలకొక దవనం రెబ్బ వెయ్యి. మాచిపత్రి వెయ్యకు, ఆ ఘాటు తలకెక్కుతుంది.

ఇట్లు,
అత్తయ్య