అరవై ఆటలకి మార్కులు వేయబోతున్న మా చిన్నాకి

చిన్నా,

మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. కాలేజీలో చేరి ఏడాది తిరక్కుండానే ఫస్టియర్ పిల్లల పైథాన్ కోర్సు నీ చేతికిచ్చారనీ, ఆఖరి ప్రాజెక్టుగా అందరిచేతా ఆర్కేడ్ గేమ్ రాయించావనీ, అరవై ఆటలకీ నువ్వే మార్కులు వేస్తున్నావనీ చెప్పి మురిసిపోయింది. నేనూ మురిశాను. ఆ వెంటనే "శనివారం రాత్రి మొదలుపెట్టి ఆదివారం మధ్యాహ్నానికల్లా ముగించేస్తాడట అక్కా, ఒక్కోటీ రెండు నిమిషాలు ఆడి చూస్తాడట" అంది. అక్కడ పట్టుకుంది నాకు టెన్షన్. వాట్సాప్‌లో పెడితే చదవకుండానే బొటనవేలు బొమ్మ పంపిస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తా. దేనికెన్ని మార్కులో మొదటి ఫైలు తెరవకముందే కాగితం మీద రాసుకో. పిల్లలకి చెప్పని దానికి మార్కులు కోయకు. మొదట దిద్దిన వాటిని చివర్లో ఇంకోసారి చూడు, అర్ధరాత్రి దాటాక చెయ్యి ఒకేలా ఉండదు. ఖాళీ కడుపుతో కూర్చోకు.

పేర్లు కనపడకుండా రోల్ నంబర్లతోనే దిద్దు. దీన్ని మాత్రం ఒక్క ముక్కలో వదలను. మన వైపు ఇంటిపేరు వినగానే ఎవరి తాలూకో లెక్క కట్టేస్తారు. నీకా అలవాటు లేదంటావు, స్టాఫ్ రూంలో ఎవరిని అడిగినా అదే మాట అంటారు. ఇక ఫోన్లు ఎలాగూ వస్తాయి. "మా బావమరిది కొడుకు మీ దగ్గరే చదువుతున్నాడు, కాస్త చూడండి" అంటారు. "అందరివీ చూస్తున్నానండీ" అని పెట్టెయ్. కొంతమంది నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ.

ఇప్పుడు నా అసలు భయం చెబుతా.

తొంభైల చివర్లో నేను గుంటూరులో ల్యాబ్ అసిస్టెంట్‌గా కొత్తగా చేరాను. ల్యాబులు రెండుండేవి. పాత గదిలో 386లనే నెమ్మది కంప్యూటర్లు, ఒక ఫ్యాను. కొత్త గదిలో గుడ్డలు కప్పిన పెంటియంలనే వేగమైన కంప్యూటర్లు, ఏసీ, చెప్పులు బయటే విడవాలి. చిన్న క్లాసుల పిల్లల్ని ఆ గదిలోకి రానిచ్చేవాళ్లు కాదు. ఒక కుర్రాడు పాత గదిలో కూర్చుని టర్బో సీ అనే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇటుకల ఆట రాశాడు. కింద బ్యాటు, పైన నాలుగు వరసల ఇటుకలు, మధ్యలో బంతి. బంతి ఒక్కో అడుగు వేశాక కాసేపు ఆగాలిగా? దానికోసం ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఒక ఫర్ లూప్‌ని 30,000 దాకా ఉత్తినే తిప్పాడు, లోపల ఏ పనీ లేదు. టర్బో సీలో ఇంట్ అనే పూర్ణసంఖ్య 32,767 దాటదు, అందుకని ఆ లూప్ చుట్టూ ఇంకో లూప్. అప్పట్లో అందరూ అలాగే రాసేవాళ్లు.

ప్రాక్టికల్స్ రోజు పరీక్ష పెట్టడానికి బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ గారికి మర్యాదగా ఉంటుందని పరీక్ష కొత్త గదిలో పెట్టారు. కుర్రాడు ఎంటర్ నొక్కాడు. తెర మీద ఏదో మెరిసింది, గేమ్ ఓవర్. మూడు లైఫులూ రెప్పపాటులో పోయాయి. ఇంకోసారి నొక్కాడు, మళ్లీ అదే. "ఆట ఏదయ్యా?" అన్నారు ఆయన. "నిన్న ఆడింది సార్" అన్నాడు వీడు. పని చెయ్యని ప్రతి పిల్లాడూ చెప్పే మాటే అది, ఆయన మాత్రం ఎందుకు నమ్ముతారు? కోడ్ ప్రింటవుట్ రికార్డులోనే ఉంది, పేజీ తిప్పలేదు. పాస్ మార్కుకి కింద ఒక అంకె వేసి రెండో పిల్లాణ్ణి పిలిచారు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని రికార్డులు అందిస్తున్నాను.

సాయంత్రం ఆయన విజయవాడ బస్సెక్కాక ఆ ఫ్లాపీ పట్టుకెళ్లి పాత గదిలో పెట్టి చూశాను. బంతి తాపీగా పైకి వెళ్లింది, ఇటుకకి తగిలింది, ఇటుక మాయమైంది, స్కోరు పది పెరిగింది. నేను ఒక లెవెల్ పూర్తిచేశాను కూడా. పెంటియం ఆ ఖాళీ లూపుని చిటికెలో తిరిగేసింది, అంతే జరిగింది. వెళ్లి పెద్దవాళ్లకి చెప్పాను. "కవరు సీలు వేసేశామమ్మా" అన్నారు.

ఫలితాలొచ్చాక వాళ్ల నాన్న వచ్చాడు. మిర్చి యార్డు నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, ఆ ఘాటుకి ల్యాబులో ఇద్దరు తుమ్మారు. తువ్వాలు చేతిలో నలుపుతూ "మావాడు కంప్యూటర్ పాడుచేశాడామ్మా? ఎంత కట్టాలి?" అని అడిగాడు. పాడుచేయలేదని ఎంత చెప్పినా ఆయనకి నమ్మకం కలగలేదు. పాడుచేయకపోతే ఫెయిల్ ఎందుకు చేస్తారు? సప్లీలో కుర్రాడు ఆ ఖాళీ లూపు తీసేసి డిలే ఫంక్షన్ పెట్టాడు. మిగతాదంతా అదే ప్రోగ్రాం. వేరే ఎక్స్‌టర్నల్ వచ్చి మంచి మార్కులు వేశారు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. 1978లో జపాన్‌లో తొమోహిరో నిషికాదో స్పేస్ ఇన్వేడర్స్ అనే ఆట తయారుచేసినప్పుడు, గ్రహాంతరవాసులు చచ్చేకొద్దీ ప్రాసెసర్ గీయాల్సిన బొమ్మలు తగ్గి మిగిలినవి వేగంగా కదలడం మొదలుపెట్టాయి. ఆయన దాన్ని సరిచెయ్యలేదు, ఆటలో భాగంగా ఉంచేశాడు. ఆ పెరిగే వేగమే జనానికి పిచ్చెక్కించింది. యంత్రం వేగం ఆయనకి కలిసొచ్చింది, మా కుర్రాడికి ఎదురుతిరిగింది.

ఇదంతా పాతకాలపు గోల అనుకుంటున్నావా? పైథాన్‌లో ఆటలు రాసుకునే పైగేమ్‌లో వేగానికి కళ్లెం వేసే క్లాక్ టిక్ పెట్టడం మర్చిపోతే లూపు యంత్రం ఎంత వేగంగా తిప్పగలిగితే అంత వేగంగా తిరుగుతుంది. పిల్లాడు అన్నయ్య వాడి వదిలేసిన లాప్‌టాప్ మీద రాస్తాడు. నువ్వేమో మొదటి జీతంతో కొన్న గేమింగ్ లాప్‌టాప్ మీద దిద్దుతావు. అందుకే నీ గదిలో దిద్దొద్దంటున్నా. పిల్లలు పనిచేసిన ల్యాబ్‌లోనే, ఆ సిస్టమ్స్ మీదే నడిపి చూడు. అసలు తెరుచుకోకపోతే ముందు ఎర్రర్ చదువు. బొమ్మ ఫైలు దారి వాడి ఇంట్లో డెస్క్‌టాప్‌ని చూపిస్తూ ఉంటుంది. లేదా కోడ్‌లో చిన్నక్షరాలు, ఫైలు పేరులో పెద్దక్షరాలు ఉంటాయి, విండోస్ ఊరుకుంటుంది, లినక్స్ ఊరుకోదు. అలాంటివాటికి ఒక మార్కు తగ్గించు, సరిచేసి ముందుకెళ్లు. సున్నా వేసే ముందు మాత్రం పిల్లాణ్ణి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టు.

తప్పులకి మార్కులు తగ్గించేటప్పుడు ఏ తప్పు ఎంత లోతుదో చూడు. లిస్టులో ఇటుకల్ని ఒక్కొక్కటీ చూస్తూ అదే లిస్టులోంచి తీసేస్తే పక్క ఇటుక ఆ రౌండులో చెక్ కాకుండా జారిపోతుంది. ఫస్టియర్‌లో సగం మంది ఇది చేస్తారు, దానికి అర మార్కు చాలు. బంతి బ్యాటులోకి దిగబడి గిలగిలా కొట్టుకోవడం కూడా అంతే. ముప్ఫై ఇటుకలకి విడివిడి పేర్లతో ముప్ఫై వేరియబుల్స్ పెట్టినవాడి ఆట చక్కగా ఆడినా, లిస్టు ఎందుకో వాడికి ఇంకా ఎక్కలేదు. వాడికి ఎక్కువ తగ్గించు, ఎందుకో పక్కన రాయి. నేపథ్య సంగీతానికీ, రంగుల పేలుళ్లకీ పడిపోకు, అవి నెట్‌లో ఊరికే దొరుకుతాయి.

కొన్ని తప్పులు కావాలని వదిలేసినవి కూడా ఉంటాయి. 1972లో పాంగ్ అనే బంతీ బ్యాట్ల ఆట చేసిన అలన్ ఆల్కార్న్ అప్పటికి ఆటారీ అనే ఆటల కంపెనీలో కొత్తగా చేరినవాడు. ఆ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడైన నోలన్ బుష్‌నెల్ అతనికి చేతి అలవాటు కోసం ఇచ్చిన పని అది. సర్క్యూట్‌లో లోపం వల్ల బ్యాట్లు తెర పైఅంచు దాకా వెళ్లేవి కావు. వెళ్తే ఆట ఎప్పటికీ తెమలదని అలాగే ఉంచేశాడు. నీ రూబ్రిక్, అంటే దేనికెన్ని మార్కులో రాసుకున్న కాగితం ప్రకారమైతే ఆల్కార్న్‌కి మార్కులు తగ్గేవి. "ఇది ఎందుకిలా ఉంచావు?" అని అడిగాకే వెయ్యి.

చాట్‌బాట్ చేత రాయించుకొస్తారని నీకు దిగులుగా ఉందట. చాట్‌బాట్ రాసిందో కాదో పసిగడతామనే డిటెక్టర్ల జోలికి పోకు, అవి తప్పు చెప్పినప్పుడు నువ్వు దొంగతనం అంటగట్టిన పిల్లాడికి ఏం సమాధానం చెబుతావు? తలా ఐదు నిమిషాలు వైవా పెట్టు. ఎదురుగానే ఒక చిన్న మార్పు చెయ్యమను, రెండో బంతి వెయ్యమనో, ఎర్ర ఇటుక రెండు దెబ్బలకి పగలాలనో. రాసినవాడు ఎక్కడ చెయ్యి పెట్టాలో వెతుక్కుంటాడు, తప్పు చేస్తాడు, దిద్దుకుంటాడు. రాయనివాడు ఫైలు పైకీ కిందకీ జరుపుతూ ఉంటాడు. ప్రశ్న తెలుగులో అడగరా. పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివిన పిల్ల ఇంగ్లిష్ ప్రశ్నకి బిగుసుకుపోతే అది కాపీ కొట్టినట్టు కాదు. నువ్వు కూడా మొదటి సెమిస్టర్ వైవా నుంచి వచ్చి మా ఇంట్లో తలుపేసుకున్న రోజు నాకు గుర్తుంది. నీకు మర్చిపోవడం సులువే, ఇప్పుడు కుర్చీకి అటువైపున్నావు.

అంటే ఒక్క రాత్రిలో తెమలదు. వారం పడుతుంది. పట్టనీ, గడువు పెంచమని మీ హెచ్‌ఓడీని అడుగు, సాయంత్రాలు ల్యాబ్ తాళం కూడా అడుగు. ఎండలు ముదిరాయి, కూజాలో నీళ్లు పెట్టుకో, పిల్లలకీ సరిపోయేన్ని. తాళం ఇవ్వనంటే నాకు ఫోన్ చెయ్యి, మీ ప్రిన్సిపాల్ గారి భార్యా నేనూ ఒకే బ్యాచ్. ఇది సిఫారసు కిందకి రాదు.

మీ పెద్దమ్మ
బ్రాడీపేట, గుంటూరు