కుక్క చావని సాహస సినిమా కావాలంటే

అడవి, కొండలు, వాటితో పాటు ఒక కుక్క ఉన్న సాహస సినిమా చెప్పమన్నారు. పిల్లలతో కలిసి చూడాలి, చివర్లో కుక్క చావకూడదు అన్నారు. ఆ చివరి షరతు చూసే ఈ జవాబు రాస్తున్నా. కుక్క సినిమా కదా అని మా ఇంట్లో ‘777 చార్లీ’ పెడితే, ఆ రాత్రి మావాడు అన్నం ముట్టకుండా పడుకున్నాడు. మంచి సినిమానే, మీకు మాత్రం వద్దు. ‘ది కాల్ ఆఫ్ ది వైల్డ్’ (2020) కూడా చూశాం. అందులో కుక్కను కంప్యూటర్‌లో చేశారు, మావాడు పది నిమిషాల్లో పట్టేశాడు.

మీకు సరిపోయేది 2024లో వచ్చిన ‘ఆర్థర్ ది కింగ్’. హీరో మార్క్ వాల్‌బర్గ్. నలుగురు కలిసి నడక, సైకిల్, పడవ ఇలా మార్చుకుంటూ దాదాపు 700 కిలోమీటర్లు పోయే పందెం అది. మధ్యలో ఒక వీధికుక్క వెంటపడుతుంది. కట్టుకథ కాదు. 2014లో ఈక్వెడార్‌లో జరిగిన పందెంలో మికాయెల్ లిండ్‌నార్డ్ అనే స్వీడన్ ఆయన ఆకలిగా ఉన్న కుక్కకు ఒక మాంసం ముద్ద పెట్టాడు. ఇక అది వదల్లేదు. సినిమాలో దేశం మార్చి డొమినికన్ రిపబ్లిక్ అన్నారు, హీరోని అమెరికా వాడిని చేశారు. మొదట్లో స్పాన్సర్ల కోసం తిరగడం కొంచెం సాగదీత, ఓపిక పట్టండి. కొన్ని బూతు మాటలు కూడా ఉన్నాయి.

"ఒక్క ముద్దకే అన్ని రోజులు వెంట వస్తుందా?" అని నా భార్య నమ్మలేదు. నేను నమ్మాను, ఎందుకంటే నాకు జరిగింది.

మాది పాత మహబూబ్‌నగర్ జిల్లా. కొన్నేళ్ల కింద చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు పోయాం. నల్లమలలో, పులుల అభయారణ్యం లోపల ఉంటుంది, జాతర రోజుల్లోనే జనాన్ని వదులుతారు. జీపు దిగాక నడకే. రాళ్లు, ఎండ, లోయలోకి దిగుడు, ముందూ వెనకా "వస్తున్నాం లింగమయ్యా" అనే కేకలు. ఒక చెట్టు కింద సద్ది విప్పితే, ముందు కాలు కుంటుతున్న ఎర్ర కుక్క వచ్చి దూరంగా కూర్చుంది. అడుక్కోలేదు, ఊరికే చూసింది. సగం జొన్న రొట్టె వేశాను. తిని మా ముందు నడవడం మొదలుపెట్టింది. మలుపు దగ్గర ఆగి చూసేది, మేం కనబడగానే కదిలేది. గుండం దగ్గర నీళ్ల ధార కింద మేం తడుస్తుంటే రాతి మీద కూర్చుని మా చెప్పులకు కాపలా కాసింది. (కాపలా కాసిందో, చల్లగా ఉందని కూర్చుందో, నేనైతే కాపలా అనే అనుకుంటా.)

తిరిగి జీపు దాకా వచ్చింది. మాతో వచ్చిన పెద్దాయన "చెంచు పెంటల (అడవిలో చెంచుల గూడేల) కుక్క అయి ఉంటది, దాని ఇల్లు దానికి ఎరుకే" అన్నాడు. జీపు కదిలాక దుమ్ములో కుంటుకుంటూ కొంత దూరం ఉరికింది.

సినిమాలో పడవ సీన్ ఉంటుంది. కుక్కను పడవలో ఎక్కించుకోవద్దంటారు. జట్టు దాన్ని ఒడ్డునే వదిలి పోతుంది, అది నీళ్లలో దూకి ఈదుకుంటూ వస్తుంది. అక్కడ మావాడు రిమోట్ తీసుకుని ఆపేశాడు. "నాయనా, ఎర్రదాన్ని మనం ఎందుకు తేలేదు?" పులుల అడవి బిడ్డా, ఫారెస్టోళ్లు తీసుకుపోనియ్యరు అన్నాను. "అడిగినవా?" అన్నాడు. అడగలేదు. మళ్లీ ప్లే నొక్కాను.

ఒక్క జాగ్రత్త. సినిమాలో కుక్క పేరే ఆర్థర్, దాని వీపు మీద గాయాలు బాగానే చూపిస్తారు, మరీ చిన్న పిల్లలకు కష్టం. చివర్లో దాని పరిస్థితి విషమించి డాక్టర్ దగ్గర చాలా టెన్షన్ నడుస్తుంది. బతుకుతుందని మీ పిల్లలకు ముందే చెప్పేయండి. సినిమాలోనే కాదు, అసలు ఆర్థర్ కూడా స్వీడన్ పోయి లిండ్‌నార్డ్ ఇంట్లో 2020 దాకా బతికింది. మేం ముందు చెప్పలేదు, మావాడు ఆ సీన్ అంతా సోఫా వెనకాలే కూర్చుని "అయిపోయిందా?" అని అడుగుతూనే ఉన్నాడు.