287 కొట్టినవాడు 8 టెస్టులతో ఎందుకు ఆగిపోయాడు?

ప్రశ్న: మొదటి టెస్ట్‌లోనే 287 కొట్టిన ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ టిప్ ఫాస్టర్ మొత్తం కలిపి 8 టెస్టులే ఆడాడట కదా, అంత బాగా ఆడేవాణ్ణి టీమ్‌లోంచి ఎందుకు తీసేశారు? అతన్ని అమెచ్యూర్ అంటారు, అంటే ఆటలో కాస్త తక్కువ అనా?

జవాబు: తీసెయ్యలేదండీ, అతనికే తీరిక లేకపోయింది. అప్పట్లో అమెచ్యూర్ అంటే ఆట తక్కువ వచ్చినవాడని కాదు, ఆడినందుకు జీతం తీసుకోనివాడని. ఎక్కువగా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో చదువుకున్నవాళ్లు ఉండేవాళ్లు, డబ్బులకి ఆడేవాళ్లు ప్రొఫెషనల్స్, ఇద్దరికీ డ్రెస్సింగ్ రూములు వేరు, స్కోర్‌కార్డ్‌లో పేరు వేసే పద్ధతి కూడా వేరే, ఈ తేడా పోయేసరికి 1962 వచ్చింది. జీతం లేదు కాబట్టి బతకడానికి ఇంకో పని ఉండాలి, ఫాస్టర్ స్టాక్ బ్రోకర్.

ఇక ఆ 287 సంగతి, అతని మొదటి టెస్ట్, ఆస్ట్రేలియాలోని సిడ్నీ, 1903 డిసెంబర్. ఆస్ట్రేలియా 285కి ఆలౌట్, ఇంగ్లండ్ 8 వికెట్లకి 332, ఇంకేముంది కాసేపట్లో అయిపోతుంది అనుకునే టైమ్ అది. అక్కణ్ణుంచి ఫాస్టర్ తొమ్మిదో వికెట్‌కి రెల్ఫ్‌తో కలిసి 115, ఆఖరి వికెట్‌కి రోడ్స్‌తో ఇంకో 130 జోడించాడు! మొత్తం స్కోరు 577, అందులో సగం ఫాస్టర్ ఒక్కడిదే. రెండో ఇన్నింగ్స్‌లో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ ట్రంపర్ 185 నాటౌట్‌తో ఎంత పోరాడినా ఇంగ్లండ్ 5 వికెట్ల తేడాతో గెలిచింది. టెస్టుల్లో హయ్యెస్ట్ స్కోర్‌గా ఆ 287 1930 వరకు నిలిచింది, మొదటి టెస్ట్ ఆడేవాళ్లలో అయితే ఇప్పటికీ దాన్ని ఎవ్వరూ దాటలేదు.

ఆ టూర్‌లో 5 టెస్టులు, మళ్లీ 1907లో సొంతగడ్డ మీద సౌతాఫ్రికాతో 3, ఆ మూడింటికీ అతనే కెప్టెన్, సిరీస్ 1-0తో గెలిచారు. అంతే, అయిపోయింది. ఆస్ట్రేలియా టూర్ అంటే ఓడలో పోయి రావడమే నెలల పని, వ్యాపారం వదిలేసి మళ్లీ మళ్లీ వెళ్లడం ఎవరికి కుదురుతుంది చెప్పండి. అందుకే 8 టెస్టులు, 602 పరుగులు, 46.30 యావరేజ్ చూసి చిన్న ఆటగాడు అనుకుంటే నాకు మనసొప్పదు. ఇంకోటి, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ టీమ్‌కీ కెప్టెన్‌గా చేశాడు, రెండాటల్లోనూ ఆ దేశానికి కెప్టెన్ అయిన మగాడు ఇప్పటికీ ఇతనొక్కడే.

వాళ్లింట్లో ఏడుగురు అన్నదమ్ములూ ఇంగ్లండ్‌లో వూస్టర్‌షైర్ అనే కౌంటీ (మన జిల్లా లాంటిది) టీమ్‌కి ఆడారు, జనం ఆ కౌంటీని ఫాస్టర్‌షైర్ అని పిలిచేవాళ్లు. 1899లో హాంప్‌షైర్ అనే ఇంకో కౌంటీ మీద ఇతనూ ఇంకో ఫాస్టరూ ఒకే మ్యాచ్‌లో చెరో రెండు సెంచరీలు కొట్టారు.

1914 మేలో షుగర్ జబ్బుతో పోయాడు, వయసు 36. మనుషులకి ఇన్సులిన్ ఇవ్వడం మొదలైంది 1922లో.